ఉదజని కారు: కొనువారి లెక్క

ఉదజనితో నడచు మోటారు బండ్లను గూర్చి మన పట్టణములలోని పఠనమందిరములందు తఱచుగా ప్రసంగములు జరుగుచున్నవి. పెట్రోలు అక్కఱలేదు, పొగ లేదు, గొట్టమునుండి వెలువడునది నీరు మాత్రమే యని విన్నంతనే ఎవరికైనను ముచ్చట గలుగుట సహజము. ఈ బండ్లు మన బజారులో సామాన్యుడు కొనుటకు ఇంకను రాలేదు గాని, మన బిడ్డలు వేలకొలదిగా కాపురముండు కాలిఫోర్నియాలో 2015 మొదలుకొని అమ్మకమునందున్నవి. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ హోసే మున్నగు ఊళ్లలో క్రొత్తగా కాపురము పెట్టిన తెలుగు దంపతులు బండి కొనదలచినపుడు, గుంటూరులోనో వరంగల్లులోనో యున్న తండ్రికి ఫోను చేసి ఆలోచన యడుగుట మన కుటుంబములలో నేటికిని నిలిచియున్న మంచి మర్యాద. ఆ తండ్రికి ఉపయోగపడునట్లు ఈ వారము ఈ విషయమును లెక్కలతో విచారింపదలచితిమి. ఇందుకు మఱియొక కారణము కూడ కలదు. మన ప్రభుత్వమువారును ఉదజనిపై వేలకోట్ల ప్రజాధనమును వెచ్చింప సంకల్పించియున్నారు. ఒక దేశము పడిన కష్టము వేఱొక దేశమునకు పాఠము కావలయును గాని పునరావృత్తి కారాదు.

ఇందలి శాస్త్రము క్రొత్తది కాదు. నీటిని పుట్టించునది గనుక హైడ్రోజను వాయువునకు మన శాస్త్రగ్రంథకర్తలు ఉదజని యని పేరిడిరి. నీటిలోనికి విద్యుత్తును ప్రసరింపజేసినచో అది ఉదజనిగను, ఆమ్లజనిగను విడిపోవును. ఈ క్రియను త్రిప్పి, ఆ రెండు వాయువులను కలిపి విద్యుత్తును, నీటిని పుట్టింపవచ్చునని 1839 ప్రాంతమున వేల్సు దేశీయుడగు విలియం గ్రోవ్ కనిపెట్టెను. ఆయన వృత్తిచే న్యాయవాది. పిమ్మట న్యాయమూర్తియు నయ్యెను. ఆయన కనిపెట్టిన ఇంధన ఘటము నూఱేండ్లకు పైగా పరిశోధనశాలల గోడలు దాటలేదు. 1965లో అమెరికావారు జెమిని 5 అను వ్యోమనౌకలో దానిని వాడిరి. చంద్రమండలమునకు పోయిన అపోలో నౌకలలో విద్యుత్తును, త్రాగునీటిని సమకూర్చినదియు నదియే. 1966లో జనరల్ మోటార్స్ వారు దాని నొక వ్యానులో అమర్చి నడిపిరి. తొట్లును, గొట్టములును బండినంతయు ఆక్రమింపగా ఇద్దఱు కూర్చుండుటకు మాత్రమే చోటు మిగిలెను. ఈ చిక్కులనన్నిటిని దాటి, 2014 డిసెంబరులో జపానుదేశపు టయోటా సంస్థవారు ‘మిరాయి’ యను కారును అమ్మకమునకు పెట్టిరి. మిరాయి యనగా వారి భాషలో భవిష్యత్తు. కొరియావారి నెక్సో 2018లో వచ్చినది. హోండావారి క్లారిటీ కొంతకాలము నడచి 2021లో ఆగిపోయినది.

యంత్రమును నిందింపవలసిన పని లేదు. 2020 డిసెంబరులో వెలువడిన రెండవ తరపు మిరాయిలో మూడు తొట్లు కలవు. అందు సుమారు 5.6 కిలోల ఉదజనిని వాయుమండలపు ఒత్తిడికి 700 రెట్ల ఒత్తిడితో నింపుదురు. అన్నియు సవ్యముగా నున్నచో నింపుటకు అయిదు నిమిషములు చాలును. నిండుతొట్టితో 402 మైళ్లు, అనగా దాదాపు 650 కిలోమీటర్లు పోవునని అమెరికా ప్రభుత్వశాఖవారు నిర్ణయించిరి. బండి నిశ్శబ్దముగా, మెత్తగా నడచును. ఉదజని మండుస్వభావము గలది గాన ప్రాణభయము కలదేమో యని శంకించువారున్నారు. తొట్లు మిగుల దృఢముగా చేయబడినవి. వాయువు కాఱినను అతితేలికయగుటచే వెంటనే పైకెగసి చెదరిపోవును. పెట్రోలు తొట్టిపై కూర్చుండి తిరుగుటకు అలవాటుపడిన మనము దీనికి మిక్కిలిగా బెదరనక్కఱలేదు. కావున మా విచారణ బండి మంచిదా చెడ్డదా యని కాదు. దానిని కొన్న గృహస్థు దానితో సంసారము నడుపుకొనగలడా యనునదే ప్రశ్న.

మొదట సొమ్ము సంగతి చూతము. మిరాయి క్రొత్త బండి ప్రారంభపు వెల 50 వేల డాలరుల చుట్టుపట్ల నున్నది. దానితోపాటు 15 వేల డాలరుల విలువగల ఇంధనపు కార్డును సంస్థవారు ఉచితముగా నిచ్చుచు వచ్చిరి. కొనినవారికి దాని గడువు ఆఱేండ్లు. చూచుటకిది గొప్ప ఔదార్యముగా కనబడును. అయితే గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదను సామెత మనకు కలదు. ఇచ్చట గుఱ్ఱము గుడ్డిది కాదు, దాణాయే బంగారమైనది. 2019 ప్రాంతమున కాలిఫోర్నియాలో ఉదజని కిలో వెల సగటున 16 డాలరుల చుట్టును ఉండెను. 2023లో ముఖ్యమైన అమ్మకపుదారులు దానిని 36 డాలరులకు ఎక్కించిరి. ఆ వెలకు ఒకమారు తొట్టి నింపుటకు 200 డాలరులు పట్టును. మైలుకు అర డాలరు పడినదన్నమాట.

సంవత్సరపు లెక్క వేయుదము. అమెరికాలో ఒక కుటుంబపు బండి ఏడాదికి 12 వేల మైళ్లు తిరుగుననుకొందము. కిలోకు 72 మైళ్ల చొప్పున 167 కిలోల ఉదజని కావలయును. కిలో 16 డాలరులైనపుడు ఏటికి 2,670 డాలరుల ఖర్చు. 15 వేల డాలరుల కార్డు అయిదేండ్లకు పైగా వచ్చును. కిలో 36 డాలరులైనపుడు ఏటికి 6 వేల డాలరులు. అదే కార్డు రెండున్నర ఏండ్లకే అడుగంటును. పిమ్మట ఆ కుటుంబము ప్రతి సంవత్సరము 6 వేల డాలరులు చేతినుండి పెట్టుకొనవలయును. అదే దూరమునకు గాలనుకు 50 మైళ్లిచ్చు హైబ్రిడ్ పెట్రోలు కారైనచో 240 గాలనులు చాలును. కాలిఫోర్నియాలో పెట్రోలు ప్రియమే. గాలను 5 డాలరులని పట్టుకొన్నను 1,200 డాలరులతో సరిపోవును. బాటరీ కారైనచో, యూనిట్టుకు మూడున్నర మైళ్ల చొప్పున 3,430 యూనిట్లు కావలయును. ఇంటివద్ద రాత్రివేళ యూనిట్టు 30 సెంట్లకు నింపుకొన్నచో వెయ్యి డాలరులు దాటి కొద్దిగా అగును. అనగా ఉదజని కారు గలవాడు పొరుగువానికంటె అయిదాఱు రెట్లు ఎక్కువ పెట్టి, వానితో సమానముగా ఆఫీసుకు చేరుచున్నాడు. సంస్థవారి కార్డు ఈ సత్యమును కొంతకాలము కప్పిపుచ్చును. మొదటి ఏడు ఉచితముగా విత్తనములిచ్చి రెండవ ఏటినుండి తానే వెల నిర్ణయించు షాహుకారును మన రైతు చక్కగా ఎఱుగును.

ఈ వెల ఏల పెరిగినదని పాఠకులు అడుగవచ్చును. కారణములు పెక్కు కలవు. కాలిఫోర్నియా ప్రభుత్వమువారు పొగ తగ్గించు ఇంధనములను అమ్మువారికి ఒక విధమైన పరపతి పత్రముల నిచ్చుదురు. అమ్మకపుదారులు వానిని పెట్రోలు సంస్థలకు అమ్ముకొని ఆదాయము పొందుదురు. 2020లో టన్నుకు 200 డాలరుల దగ్గఱ పలికిన ఆ పత్రము 2023 నాటికి 70 డాలరుల ప్రాంతమునకు దిగజారినది. ఆ నష్టము వెలలో చేరినది. బంకుల నడుపుట కూడ పెట్రోలు బంకు నడుపునంత సులభము కాదు. వాయువును మిక్కిలి ఒత్తిడికి నొక్కి, సున్నకు దిగువ 40 డిగ్రీల చలికి తెచ్చి బండిలోనికి పంపవలయును. ఆ నొక్కు యంత్రములు తఱచు చెడును. ఒక బండి నింపిన పిమ్మట ఒత్తిడి మరల కూడుకొనువఱకు రెండవ బండి వేచియుండవలయును. చలికి గొట్టపు మూతి బండికి అంటుకొనిపోయి విడివడని సందర్భములును ఉన్నవి. బండ్లు తక్కువ గనుక బంకులకు ఆదాయము లేదు. బంకులు లేవు గనుక బండ్లు పెరుగవు. ఈ చక్రములో పడిన వ్యాపారమునందు వెల తగ్గునని ఆశపడుట కష్టము.

వెలకంటెను గట్టి చిక్కు బంకుల చిక్కు. 2004లో గవర్నరు ష్వార్జనెగర్ ఉదజని రాజమార్గము నిర్మింపవలెనని ఉత్తరువిచ్చెను. 2013లో శాసనసభవారు నూఱు బంకులు ఏర్పడువఱకు ఏటేట 2 కోట్ల డాలరులవఱకు వెచ్చింప శాసనము చేసిరి. 2018లో గవర్నరు బ్రౌన్ 2025 నాటికి 200 బంకులు కావలయునని లక్ష్యము పెట్టెను. 2025 వచ్చినది, పోయినది. 200 మాట యటుంచి, మొదటి నూఱును పూర్తి కాలేదు. తెఱచినవి అఱువది ప్రాంతము. వానిలో ఏనాటికానాడు మూతబడినవి, చెడినవి, సరకు లేనివి తీసివేసినచో మిగులునవి మఱియు తక్కువ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత ఇంతకంటె పొందికగా అన్వయించు తావు అరుదు. 2024 ఫిబ్రవరిలో షెల్ సంస్థవారు ఆ రాష్ట్రములో తాము నడుపుచున్న చిన్నబండ్ల ఉదజని బంకులను మూసివేసిరి. వానిలో మూడు శాన్ ఫ్రాన్సిస్కో నగరమునందే యుండెను. వాని నమ్ముకొని బండి కొన్నవారి గతి యేమి?

సరఫరా యెంత బలహీనమో 2019 జూన్ మాసమే చూపినది. ఆ నెల 1వ తేదీన శాంటా క్లారాలో ఉదజని నింపు స్థలమున ప్రేలుడు సంభవించినది. ప్రాణనష్టము లేదు. కాని శాన్ ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతమునకు సరకు అచ్చటినుండియే ప్రధానముగా పోవుచుండుటచే, ఆ ప్రాంతపు బంకులు పెక్కు దినములు ఎండిపోయినవి. బండ్లు ఇండ్లముందు నిలిచిపోయినవి. అదే నెల 10వ తేదీన నార్వేదేశమున ఓస్లో నగరము చేరువ సాండ్వికాలో ఒక బంకు ప్రేలగా, అచ్చటను ఉదజని అమ్మకము ఆగినది. ఒక పెట్రోలు బంకు కాలినచో ప్రక్క వీధిలోని బంకుకు పోవుదుము. ఒక ఉదజని కేంద్రము కాలినచో ఒక మండలమంతయు నడక మరల ప్రారంభింపవలసినదే. పొరుగు రాష్ట్రములకు పోవుటయు నిట్లే. శాన్ ఫ్రాన్సిస్కోనుండి లాస్ ఏంజిలిస్‌కు 380 మైళ్లు. ఆ రాజమార్గమున నడుమ కోలింగా చెంత నిర్మింపబడిన బంకు ఒక్కటి. సియాటిల్‌లోని అన్నగారింటికి ఈ బండిలో పోదమనుకొన్నచో దారిలో నింపుకొనుటకు బంకులు లేవు.

న్యాయవాదుల దృష్టితో చూచినచో ఇందలి లోపము స్పష్టముగా కనబడును. బండి అమ్మినవా రొకరు; బంకు నడుపువారు వేఱొకరు; ఉదజనిని తయారుచేసి బంకునకు చేర్చువారు మఱియొకరు; బంకులు పెట్టింతుమని మాటయిచ్చినది ప్రభుత్వము. కొనువాని ఒడంబడిక మొదటివానితో మాత్రమే. ఆ పత్రమునందు బండికి హామీ కలదు. ఇంధన ఘటమునకు 8 ఏండ్లు లేక లక్ష మైళ్ల హామీ కలదు. రేపటి ఉదయము మీ యూరి బంకులో ఉదజని ఉండునని మాత్రము ఎవరును వ్రాసియివ్వలేదు. ప్రభుత్వముల లక్ష్యములపై దావా నడువదు. 2024 జులైలో కాలిఫోర్నియాలోని మిరాయి యజమానులు కొందఱు, ఇంధనము దొరకు సౌలభ్యమును గూర్చి తమకు సరిగా చెప్పలేదని టయోటా సంస్థపై న్యాయస్థానమున దావా వేసిరి. అందలి నిజానిజములు న్యాయమూర్తులు తేల్చవలసినవి. మే మందు జోక్యము కలిగించుకొనము. కాని వేల డాలరులు పోసి కొన్న బండికి దాణాకొఱకు యజమాని న్యాయస్థానపు మెట్లెక్కవలసి వచ్చుటయే కొనబోవువానికి చాలినంత హెచ్చరిక. ఈ బండిని కొనువాడు బండితోపాటు ఒక బంకును, ఒక కర్మాగారమును, ఒక ప్రభుత్వ వాగ్దానమును కలిపి కొనుచున్నాడు. మొదటిదానికి మాత్రమే రసీదు దొరకును.

ఇక చౌకబండ్ల సంగతి. మన యువకులు సాధారణముగా చిక్కుపడునది ఇచ్చటనే. 2024 ఆదిలో టయోటావారు వెనుకటి సంవత్సరపు బండి, 66 వేల డాలరుల ప్రాంతపు వెల గలదానిపై 40 వేల డాలరులు తగ్గించి, దానిపై 15 వేల ఇంధనపు కార్డును ఇచ్చిరి. మూడునాలుగేండ్లు వాడిన బండ్లు 15 వేల డాలరులకు లోపుగానే, కొన్ని 10 వేల చుట్టును దొరకుచున్నవి. రాజసమైన బండి, తోలు ఆసనములు, తిరిగిన మైళ్లు తక్కువ, వెల పాతకారు వెల. కొత్తగా ఉద్యోగములో చేరినవానికి ఇంతకంటె మంచిబేరము కనబడదు. అయితే అమ్ముచున్నవాడు అంత నష్టమునకు ఏల అమ్ముచున్నాడని ఒక్కమారు ప్రశ్నించుకొనవలయును. పదివేలకు బండి కొని ఏటికి ఆఱువేలు దాణాకు పెట్టినచో మూడేండ్లకు ఇరువదియెనిమిది వేలగును. మరల అమ్మబోవునాటికి కొనువా డుండునో లేడో. మొదటి యజమానుని ఇంధనపు కార్డు రెండవవానికి సంక్రమించునో లేదో కాగితమున చూచుకొనవలయును. దళారి నోటిమాట చాలదు. తొట్లకును ఆయుర్దాయము కలదు. తయారైన 15 ఏండ్ల పిమ్మట నింపరాదని బండిమీదనే వ్రాసియుందురు. బండ్లకు వేఱుగా బారు విడిచిన రహదారి వరుసలో ఒంటరిగా పోవు వసతి యొకటి కాలిఫోర్నియాలో ఇట్టి బండ్లకు ఉండెడిది. 2025 సెప్టెంబరు చివఱతో అదియు ముగిసినది.

ఎదుటిపక్షము వాదమును కూడ వినుట న్యాయము. బాటరీ కారు నింపుటకు గంటలు పట్టును, ఉదజనికి అయిదు నిమిషములే యందురు. అద్దెయిండ్లలో, అంతస్తుల భవనములలో నుండువారికి రాత్రివేళ తీగ తగిలించుకొను వసతి లేదందురు. ఇది నిజము, మన యువకులలో పెక్కురు అట్టి యిండ్లలోనే యున్నారు. కాని బంకు వెదకుచు ముప్పది మైళ్లు పోయి, ముందు నిలిచిన మూడు బండ్లవెనుక వేచి, అయిదు నిమిషములలో నింపుకొన్నవాని లెక్క అయిదు నిమిషములుగా వ్రాయరాదు. ఇంటివద్ద తీగ లేనివానికి హైబ్రిడ్ పెట్రోలు కారో, వీధిలోని వేగపు చార్జరో నేటికి చౌకయైన మార్గము. జపానుదేశము దీనిని రాజ్యనీతిగా స్వీకరించినది కదా యని మఱికొందఱందురు. తమకు చమురు లేదు, విదేశముల విద్యుత్తును ఉదజని రూపమున ఓడలపై తెచ్చుకొందమని వారి యూహ. 2020 నాటికి 40 వేల ఉదజని కార్లు తిరుగవలెనని వారు తలపెట్టిరి. ఆ సంవత్సరమున అందులో అయిదవ వంతయినను తిరుగలేదు. ప్రపంచమున నిపుణతకు పేరుపొందిన జాతి, స్వదేశపు సంస్థ, ఉదారమైన ప్రభుత్వ సహాయము, ఈ మూడును కూడినచోటనే కాని పని కాలిఫోర్నియాలో ఏల కాలేదని ఆశ్చర్యపడ నక్కఱలేదు.

ఈ వైఫల్యము వ్యాపారుల అసమర్థతవలన మాత్రమే కలిగినది కాదు. ప్రకృతి ధర్మమునందే దానికి మూలము కలదు. నీటినుండి ఒక కిలో ఉదజని తీయుటకు సుమారు 55 యూనిట్ల విద్యుత్తు కావలయును. నొక్కుటకు, చల్లార్చుటకు మఱి అయిదు యూనిట్లు. ఈ 60 యూనిట్లతో మిరాయి 72 మైళ్లు పోవును. అవే 60 యూనిట్లను తిన్నగా బాటరీలో నింపినచో కారు 210 మైళ్లు పోవును. మూడింట రెండు వంతుల శక్తి దారిలోనే వ్యర్థమగుచున్నది. చెఱువు ప్రక్కనున్న పొలమునకు కాలువ త్రవ్వుట మాని, నీటిని కుండలతో కొండయెక్కించి మరల దించుట వంటిది. పోనీ, ఆ ఉదజని నీటినుండి వచ్చుచున్నదా యన్నచో నదియు లేదు. లోకములో తయారగుచున్న ఉదజనిలో అత్యధికభాగము సహజవాయువునుండి, బొగ్గునుండి తీయబడుచున్నది. సహజవాయువునుండి కిలో ఉదజని తీసినచో తొమ్మిది పది కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. బండి గొట్టమున వచ్చునది శుద్ధజలమే కాని, పొగ మాత్రము కర్మాగారపు గొట్టమున ముందే పోయినది.

కావున మా అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. కాలిఫోర్నియాలోని తెలుగు గృహస్థుడు తన ఏకైక బండిగా ఉదజని కారును కొనరాదు. కొనియే తీరవలెనను కుతూహలము గలవాడు నాలుగు సంగతులు చూచుకొనవలయును. ఇంటికో, కచేరికో చేరువలో వేఱువేఱు సంస్థలు నడుపు బంకులు రెండైనను ఉండవలయును. ఆ బంకులు దినదినము పనిచేయుచున్నవో లేవో ఒక నెలపాటు గమనింపవలయును. దాని సమాచారము బహిరంగముగనే దొరకును. కొనుటకంటె మూడేండ్ల అద్దె ఒడంబడిక మేలు. గడువు తీరిననాడు బండి వారిది, బాధ వారిది. నాల్గవది, ఇంటిలో వేఱొక బండి సిద్ధముగా నుండవలయును. ప్రసవవేదనలో ఆసుపత్రికి పోవలసిన భార్యను కూర్చుండబెట్టుకొని బంకులో సరకు వచ్చినదా యని ఫోనులో వెదకుట ఏ గృహస్థునకును తగదు. ఈ నాలుగును సమకూరినవారు అరుదు. సమకూరనివారు ఎంత చౌకకు వచ్చినను వదలుకొనుట వివేకము.

ఇక స్వదేశమువైపు మరలుదము. 2022 మార్చిలో కేంద్రమంత్రి శ్రీ నితిన్ గడ్కరీగారు మిరాయి కారులో పార్లమెంటునకు వచ్చి దేశము దృష్టి నాకర్షించిరి. 2023 జనవరిలో జాతీయ హరిత ఉదజని ఉద్యమమునకు కేంద్రమువారు 19,744 కోట్ల రూపాయలు మంజూరు చేసి, 2030 నాటికి ఏటికి 50 లక్షల టన్నుల ఉదజని తయారుచేయవలెనని లక్ష్యము పెట్టుకొనిరి. 2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి విశాఖపట్టణమునకు వచ్చి, అనకాపల్లి జిల్లాలోని పూడిమడకవద్ద ఎన్.టి.పి.సి. సంస్థవారి హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన చేసిరి. దినమునకు 1,500 టన్నులు అందు తయారు కావలయునని సంకల్పము. మన తీరమునకిది గర్వకారణమే. ఈ ప్రయత్నమునకు మేము విరోధులము కాము. ఆ ఉదజని ఎవరికి పోవలయునను ప్రశ్నను మాత్రము ఇప్పుడే వేయుచున్నాము.

ఒక చిన్నలెక్క చూడుడు. ఒక టన్ను అమోనియాలో దాదాపు 178 కిలోల ఉదజని యుండును. ఒక మిరాయి కారు సంవత్సరమునకు త్రాగు 167 కిలోల ఉదజనితో దాదాపు 940 కిలోల అమోనియా, దానినుండి బొగ్గుపులుసు వాయువు చేర్చి దాదాపు 1,660 కిలోల యూరియా చేయవచ్చును. 45 కిలోల బస్తాల లెక్కను 37 బస్తాలగును. ఒక ధనికుని షికారు ఒక ప్రక్క, 37 బస్తాల యెరువు ఒక ప్రక్క. అదునులో యూరియా కొఱకు వరుసలో నిలువబడు మన రైతునకు ఇందలి తారతమ్యమును ఎవరును బోధింపనక్కఱలేదు. కారు నడచుటకు బాటరీ కలదు, పెట్రోలు కలదు, రైలు కలదు, బస్సు కలదు. ఎరువుల కర్మాగారమునకు, చమురు శుద్ధిచేయు విశాఖపట్టణపు కర్మాగారమునకు ఉదజని లేక గతిలేదు. నేడు సహజవాయువునుండి తీయుచున్న ఆ ఉదజనికి బదులు హరిత ఉదజని వచ్చినచో విదేశపు వాయువు దిగుమతియు తగ్గును, పొగయు తగ్గును. ఇనుము కరగించుటకు బొగ్గు స్థానమున ఉదజనిని వాడు ప్రయత్నములును లోకమున సాగుచున్నవి. అవియన్నియు ఒక్కచోట స్థిరముగా నుండు కర్మాగారములు. ఉదజని పుట్టినచోటనే ఖర్చగును. ఊరూర బంకులు పెట్టి, నొక్కి, చల్లార్చి, లారీలలో మోయు బెడద లేదు.

వెల సంగతియు మనకు భిన్నముగా నుండబోదు. యూనిట్టు 6 రూపాయలకు దొరకినను 60 యూనిట్లకు 360 రూపాయలు విద్యుత్తునకే యగును. కర్మాగారపు ఖర్చు, బంకు ఖర్చు, లాభము, పన్ను అన్నియు దానిపై చేరవలయును. మన విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది గాన, ఆ విద్యుత్తులో మూడింట రెండు వంతులను దారిలో పోగొట్టు బండ్లకు ప్రజాధనముతో బంకులు కట్టుట దేశసేవ అనిపించుకొనదు. దూరప్రయాణపు లారీలు, ఓడలు మున్నగువానికి ఉదజని పనికివచ్చునో లేదో పరీక్షింపవచ్చును. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో ఇండియన్ ఆయిల్ వారు ప్రారంభించిన ఉదజని బస్సుల వంటి చిన్నప్రయోగములు జరుగనిండు. ప్రయోగమునకు ప్రయోగపు పరిమితి యుండవలయును. దాని ఫలితమును, ఖర్చును ప్రజలముందు పెట్టవలయును. కాలిఫోర్నియావలె ముందుగా బండ్లమ్మి, పిదప బంకులు వెదకు పద్ధతి మనకు వలదు.

భవిష్యత్తును ముందుగా కొనిపెట్టుకొందమను కోరిక యువకులకు శోభించునదే. దానిని మేము చులకన చేయము. కాని భవిష్యత్తు ఒక యింటివాడు తన జీతముతో కొనితెచ్చుకొను వస్తువు కాదు. అది వచ్చునపుడు బంకులతో, వెలలతో, మరమ్మతుదారులతో కలిసి ఊరంతటికిని వచ్చును. అట్లు వచ్చినదనుటకు కాలిఫోర్నియా వీధులలో నేటివఱకు సాక్ష్యము లేదు. సాక్ష్యము లేని వ్యాజ్యమున సొమ్ము పెట్టవలదని మన తండ్రులు తమ బిడ్డలకు చెప్పుదురుగాక. పూడిమడక ఉదజని ముందుగా పొలమునకు పోవలయునని మన ప్రతినిధులతోను గట్టిగా చెప్పుదురుగాక.